విరేచనాలు కట్టిన తర్వాత పదిహేను రోజులు

బిడ్డకు విరేచనాలు కట్టాయనగానే ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. నేను మాత్రం ఆ రోజే చేతి చుట్టుకొలత టేపు పట్టుకుని వాళ్ళింటికి పోతాను. బిడ్డ చిక్కిపోతుందా, మళ్ళీ నిలదొక్కుకుంటుందా అన్నది చాలావరకు ఆ తర్వాతి పదిహేను రోజుల్లోనే తేలిపోతుంది.

మాది చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, బంగారుపాళెం దాటాక లోపలికి ఉండే పల్లె. 22 ఏళ్ళుగా అంగన్‌వాడీ టీచరుగా ఉన్నాను. మామిడి తోటలు, చెనక్కాయ చేలు, ఇంటికి ఒకటో రెండో ఆవులు. పస్తులుండే ఇళ్ళు ఇప్పుడు మా ఊళ్ళో లేవనే చెప్పాలి. అయినా ఏటా జూన్, జూలైలో, మామిడికాయల పని జోరుగా ఉండి మొదటి వానలు పడేటప్పుడు, నా రిజిస్టర్‌లో నలుగురైదుగురు పిల్లల బరువు కిందికి దిగుతుంది. ఇంట్లో తిండి ఉంది, బిడ్డ మాత్రం తగ్గిపోతోంది. ఎందుకని చాలా ఏళ్ళు నాకు అర్థం కాలేదు.

మా పాప తిరుపతిలో పద్మావతీ మహిళా యూనివర్సిటీలో హోంసైన్స్ ఎమ్మెస్సీ చేస్తోంది. ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు తను చదివింది నాకు తెలుగులో చెప్తుంది. ఆఫ్రికా పల్లెల్లో డాక్టర్లు పిల్లల తిండి మీద, జబ్బుల మీద చేసిన పరిశోధనలన్నీ అలా విన్నవే. గాంబియా దేశంలో కెనెబా అనే పల్లె ఉంది. అక్కడ 70 ఏళ్ళకు పైగా పిల్లలను తూచి, కొలిచి రాసి పెట్టుకున్నారట. వానాకాలం వస్తే పాత గింజలు అయిపోతాయి, ఆడవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేలల్లోనే ఉంటారు, పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి, బరువు పడిపోతుంది. "అమ్మా, ఇది మన ఊరే" అంది మా పాప. నాకూ అలాగే అనిపించింది. ఆ పల్లెల్లో తేలిన విషయాలకు నా అనుభవం కలిపి, బిడ్డ జబ్బు నుంచి లేచాక ఇంట్లో ఏం చేయాలో రాస్తున్నాను. అమ్మలకు, అవ్వలకు, కొత్తగా చేరిన టీచర్లకు పనికొస్తుంది.

ముందు లంకణం సంగతి తేల్చుకుందాం. విరేచనాలు మొదలవగానే పాలు, బువ్వ ఆపేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. "టీచరమ్మా, కడుపు కాళీగా ఉంటేనే కదా పేగు కుదుటపడేది" అని ఒక అవ్వ నాతో వాదించింది. నేను వాళ్ళ దండెం మీది పాత తువ్వాలు తీసి చూపించాను. "అవ్వా, దీని మీద నూగంతా పోయింది. నీళ్ళు పీలుస్తుందా?" అంటే, పీల్చదు అంది. పేగు లోపలి గోడకూ అలాంటి నూగే ఉంటుంది. తిన్న తిండిని పీల్చుకునేది అదే. క్రిములు పదే పదే పడితే ఆ నూగు అరిగిపోతుంది. అరిగింది మళ్ళీ మొలవాలంటే దానికి తిండే కావాలి. లంకణం పరమౌషధం అన్న మాట పెద్దవాళ్ళ అజీర్తికి సరిపోతే సరిపోవచ్చు, రెండేళ్ళ బిడ్డకు మాత్రం ఆకలి మీద ఆకలి పెట్టినట్టే.

కెనెబాలో 1991లో ఇదే కొలిచి చూశారు. ఆ పసిబిడ్డలు ఎదగకుండా ఆగిపోవడంలో 43 శాతం దాకా ఈ అరిగిన పేగుతోనే ముడిపడి ఉందని తేలింది. విరేచనాలు కనబడని రోజుల్లో కూడా పేగు బాగుపడకుండానే ఉందట. ఇంకో సంగతి మనకు మరీ దగ్గరిది. 2009లో ఎనిమిది దేశాల్లో ఒకేసారి పిల్లల మీద పెద్ద పరిశోధన మొదలైంది. టాంజానియాలోని హైడమ్ ఒక చోటు, దక్షిణాఫ్రికాలోని వెండా ఒక చోటు, మన పక్కనున్న వేలూరు ఇంకో చోటు. విరేచనాలు లేకుండా ఆడుకుంటున్న పిల్లల మలంలో కూడా క్రిములు బయటపడ్డాయి. కొన్ని రకాల క్రిములు ఎక్కువగా ఉన్న పిల్లలు ఎత్తు తక్కువ పెరిగారు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. అందుకే ఆఫ్రికా మాట మనకెందుకు అనేవాళ్ళకు నేను వేలూరు పేరు చెప్తాను.

విరేచనాలు అవుతున్నప్పుడు చేయాల్సింది మీలో చాలామందికి తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. తల్లిపాలు ఆపకూడదు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు, ఓఆర్ఎస్, జింకు తప్ప ఇంకేమీ వద్దు. పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్టును లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. సగం ప్యాకెట్టు ఇప్పుడు, సగం రేపు అని కలిపితే ఉప్పు లెక్క తప్పుతుంది. చిన్న ప్యాకెట్టు 200 మిల్లీలీటర్లకు, ప్యాకెట్టు మీద చూసుకోండి. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ళ లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్ళు దాటితే 100 నుంచి 200. చెంచాతో పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా పట్టండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. అంగట్లో దొరికే తీపి జ్యూసు డబ్బా ఓఆర్ఎస్ కాదు, దానిలోని చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. జింకు మాత్ర 14 రోజులూ వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10. మూడో రోజుకే విరేచనాలు కట్టాయని మిగతా మాత్రలు అలమరలో పెట్టేస్తారు. ఆ మిగిలిన మాత్రలే పేగును కుదుటపరిచేవి.

ఇక టేపు. చేతి చుట్టుకొలత టేపు మా దగ్గరా, ఆశా దగ్గరా ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు. నైజర్ దేశంలో పల్లెటూరి తల్లులకే ఈ టేపు ఇచ్చి నేర్పించి చూశారు. చదువు లేని తల్లులు కూడా ఆరోగ్య కార్యకర్తలకు దీటుగా కొలిచారు. ఆ మాట విన్నప్పటి నుంచి నేనే కొలవాలన్న పట్టు వదిలేసి తల్లుల చేతికే టేపు ఇస్తున్నాను.

బిడ్డ ఎడమచేతికి చొక్కా పూర్తిగా తీసేయండి. మోచెయ్యి మడిచి, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ సరిగ్గా మధ్యన పెన్నుతో చుక్క పెట్టండి. తర్వాత చెయ్యి కిందికి వదులుగా వేలాడాలి. బిడ్డ ఏడుస్తూ చెయ్యి బిగబట్టి ఉంటే కొలత ఎక్కువ చూపిస్తుంది. చంకన వేసుకుని ఊరుకోబెట్టి అప్పుడు కొలవండి. చుక్క మీదుగా టేపు తిప్పండి. చర్మం మడత పడేంత బిగువు వద్దు, మధ్యలో సందు వచ్చేంత వదులూ వద్దు. 12.5 సెంటీమీటర్లు, ఆ పైన ఉంటే పచ్చ, బాగున్నట్టు. 11.5 నుంచి 12.5 లోపు పసుపు, కొంత చిక్కినట్టు. 11.5 కంటే తక్కువైతే ఎరుపు, బాగా చిక్కిపోయినట్టు. ఎరుపు వస్తే ఇంటి వైద్యం, ఇంటి తిండి అని రోజులు గడపకండి. బిడ్డ చలాకీగా, ఆకలిగా ఉన్నా సరే, అదే రోజు ఏఎన్ఎంకు చూపించాలి. ఆకలి లేకపోయినా, ఒంట్లో ఇంకేదైనా బాగోలేకపోయినా ఎన్ఆర్‌సీ, అంటే బాగా చిక్కిపోయిన పిల్లలను ఉంచుకుని తిండి, వైద్యం చూసే విభాగం, ఉన్న పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. బాగా చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే గుండె తట్టుకోలేదు. మామూలు ఓఆర్ఎస్ కూడా అలాంటి బిడ్డకు డాక్టర్లు లెక్క చూసే ఇస్తారు.

టేపు తర్వాత పాదాలు చూడాలి. ఇది నేను మనసుకు కష్టంగా నేర్చుకున్న పని.

2011లో మా సెంటర్‌కు వచ్చే ఒక పిల్లాడికి ఏడాదిన్నర దాటింది. చెల్లెలు పుట్టి రెండు నెలలు. వాడికి తల్లిపాలు మాన్పించేశారు. పది రోజులు విరేచనాలు అయ్యి కట్టాయి. ఆ నెల తూచితే బరువు అరకిలో పెరిగింది. బుగ్గలు కూడా నిండాయి. "అబ్బోడు ఒళ్ళు చేశాడు" అని వాళ్ళ అవ్వ మురిసిపోయింది, నేనూ సంతోషంగా చార్టులో చుక్క పైకి పెట్టాను. నాలుగు రోజుల తర్వాత వాళ్ళమ్మ వచ్చి, వాడు ఆడుకోవడం లేదు, ఎత్తుకుంటే చిరాకు పడుతున్నాడు, చెప్పులు పట్టడం లేదు అంది. చెప్పులు పట్టడం లేదన్న మాటకు నాకు గుండె జారింది. పాదం పైన బొటనవేలు పెట్టి నొక్కాను. తీసి చూస్తే, సంగటి ముద్దలో పులుసు పోసుకోవడానికి వేలితో గుంట చేస్తామే, అలాగే గుంట నిలిచిపోయింది. రెండో కాలికీ అంతే. పెరిగింది కండ కాదు, నీరు.

ఈ జబ్బుకు పేరు పెట్టింది జమైకాలో పుట్టిన డాక్టర్, సిసిలీ విలియమ్స్. ఇప్పుడు ఘనా అనే దేశం అప్పట్లో గోల్డ్ కోస్ట్. అక్కడ పిల్లలను చూసి 1933లో దీని గురించి రాసింది. 1935లో అక్కడి గా భాషలో తల్లులు వాడే పేరునే పెట్టింది, క్వాషియార్కర్ అని. వెనక ఇంకో బిడ్డ పుడితే చోటు పోగొట్టుకున్న ముందు బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. మా పాప ఈ అర్థం చెప్పినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తల్లి ఒడిలో చెల్లెలు, గడప దగ్గర ఉబ్బిన పాదాలతో వాడు. నేను చూసింది అదే. ఎక్కడో ఘనా తల్లులు దానికి పేరే పెట్టుకున్నారు. ఆ పిల్లాడు ఆసుపత్రిలో మూడు వారాలుండి బతికి బయటపడ్డాడు. ఇప్పుడు హైస్కూల్లో చదువుతున్నాడు.

కాబట్టి రెండు పాదాల పైభాగాన్నీ బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండు కాళ్ళలోనూ గుంట నిలిస్తే, టేపు పచ్చ చూపించినా సరే, వెంటనే ఆసుపత్రికి. పోతున్నప్పుడు బిడ్డను ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకోండి, పాలు తాగితే పడుతూనే ఉండండి. ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. బాగా బలహీనపడ్డ బిడ్డకు లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. జ్వరంతో పోరాడే శక్తి కూడా ఒంట్లో ఉండదు. ఒళ్ళు చల్లగా ఉంది, ఏడవకుండా పడుకున్నాడు అంటే నెమ్మదించాడని అనుకోకండి. పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్, మగతగా ఉండడం, కళ్ళు లోపలికి పోవడం, విరేచనంలో రక్తం, వీటిలో ఏది కనబడ్డా ఆగకండి.

మందుల అంగట్లో యాంటీబయోటిక్ సిరప్ అడిగి తెచ్చుకునేవాళ్ళకు ఒక మాట. మలావి దేశంలో బాగా చిక్కిపోయిన 2,767 మంది పిల్లలతో చేసిన పరిశోధన 2013లో వచ్చింది. మందు ఇవ్వని పిల్లల్లో 7.4 శాతం చనిపోతే, అమాక్సిసిలిన్ అనే యాంటీబయోటిక్ ఇచ్చిన పిల్లల్లో 4.8 శాతం చనిపోయారు. అదే మందు నైజర్‌లో ఇచ్చి చూస్తే, 2016లో, కోలుకున్న పిల్లల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక మందు ఒకచోట ప్రాణం కాపాడింది, ఇంకోచోట పెద్దగా పని చేయలేదు. ఇది డాక్టరు బిడ్డను చూసి తేల్చాల్సిన సంగతి. మామూలు నీళ్ళ విరేచనాలకైతే ఆ సిరప్ అక్కరే లేదు.

ఇప్పుడు అసలు పని, తిండి. టేపు పచ్చగా ఉండి, పాదాల్లో నీరు లేకపోతే, విరేచనాలు కట్టిన రోజు నుంచి పదిహేను రోజులు రోజూ తినేదానికి ఇంకొక పూట కలపండి. మూడు పూటలు తినే బిడ్డ నాలుగు పూటలు తినాలి. పసుపు వచ్చినా ఇదే మొదలుపెట్టండి, కాకపోతే ఏఎన్ఎంకు చూపించి వారం వారం టేపు పెట్టించండి. జబ్బు పోయాక బిడ్డకు తోడేసినట్టు ఆకలి పుడుతుంది, చాలామంది తల్లులు గమనించే ఉంటారు. పోయిన బరువును ఒళ్ళు వెనక్కి తెచ్చుకునే రోజులు అవే. అప్పుడు పలుచటి గంజి పోసి సరిపెడితే ఆ రోజులు వృథా అయిపోతాయి.

రాగిజావతో ఉన్న ఇబ్బంది ఇదే. పలుచగా కాస్తే గిన్నెడు తాగినా అందులో ఉండేది నీళ్ళే. చిక్కగా కాస్తే బిడ్డ మింగలేదు. టాంజానియాలో ఈ చిక్కుకు మొలకెత్తించిన గింజల పిండితో దారి కనిపెట్టారు. నేను మొలకెత్తిన రాగులతో చేస్తాను. రాగులు రాత్రంతా నానబెట్టి, తడి గుడ్డలో మూటగట్టి, మొలక బయటికి రాగానే ఎండలో పెళపెళలాడేలా ఎండబెట్టండి. కొద్దిగా వేయించి పొడి చేసుకోవడం మన అలవాటు, కానీ ఈ పనికి వేయించకూడదు. వేడికి మొలకలోని గుణం పోతుంది. మామూలు రాగిపిండి మూడు చెంచాలు, నానబెట్టి రుబ్బిన పెసరపప్పు ఒక చెంచా వేసి, గరిటె నిలబడేంత చిక్కగా ఉడికించండి. గోరువెచ్చగా ఆరాక మొలకపిండి ఒక చెంచా వేసి కలుపుతూ ఉండండి. మీ కళ్ళముందే, ఐదారు నిమిషాల్లో, ఆ ముద్ద జారుడుగా మారుతుంది. నీళ్ళు పోయలేదు, పిండి ఏమీ తగ్గలేదు, జావ మాత్రం పలుచబడింది. మొదటిసారి చూసిన ప్రతి తల్లీ మళ్ళీ గిన్నెలోకి తొంగిచూస్తుంది. తర్వాత ఇంకోసారి ఒక పొంగు రానిచ్చి, బెల్లం, చెంచాడు నెయ్యో చెనక్కాయ నూనో కలిపి పెట్టండి. గుడ్డు తినే ఇళ్ళలో రోజుకో గుడ్డు. అనపకాయల కాలమైతే పితికిపప్పు మెత్తగా ఉడికించి నలిపి పెట్టండి. సెంటర్‌లో ఇచ్చే బాలామృతం ఆ బిడ్డకే పెట్టండి, ఇంటిల్లిపాదీ పంచుకోకండి.

కాచిన జావను ఎన్ని గంటలు ఉంచుతున్నారన్నది కూడా చూసుకోవాలి. కెనెబాలో 1970లలోనే పిల్లల జావను పరీక్ష చేశారు. పొద్దున కాచి సాయంత్రం దాకా ఉంచిన జావలో, వానాకాలంలో మరీ ఎక్కువగా, క్రిములు పెరిగిపోయాయి. మన దగ్గరా మామిడికాయల పనికి పోయే తల్లి పొద్దున ఆరింటికి జావ కాచి మూత పెట్టి పోతుంది, అవ్వ దాన్నే మూడింటికి పడుతుంది. తప్పు ఆ తల్లిది కాదు, కూలి పోగొట్టుకోలేదు. పిండి, బెల్లం విడివిడిగా డబ్బాల్లో పెట్టి, అవ్వ చేత అప్పటికప్పుడు కాయించండి. అంతకీ కుదరకపోతే నీళ్ళు తగలని తిండి ఉంచండి.

ఆఫ్రికాలో చిక్కిపోయిన పిల్లలకు ఇచ్చే చెనక్కాయ ముద్ద వెనకున్న తెలివి ఇదే. 1996లో ఫ్రాన్స్‌లో తయారైన ఆ ముద్ద పేరు ప్లంపీనట్. అందులో చెనక్కాయలు, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు ఉంటాయి, నీళ్ళు ఉండవు. నీళ్ళు లేనిచోట క్రిములు పెరగవు. 92 గ్రాముల ప్యాకెట్టులో 500 కేలరీలు. మనం ఇంట్లో చేసేది దానికి సాటి రాదు, ఎరుపు బిడ్డకు అది మందు కాదు. కానీ వేయించిన చెనక్కాయలు, పుట్నాల పప్పు, బెల్లం మెత్తగా దంచిన పొడి మధ్యాహ్నం పూటకు బాగా పనికొస్తుంది. గింజలు గింజలుగా మాత్రం పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి.

చెనక్కాయల్లో ఏరాల్సింది ఒకటుంది. బెనిన్, టోగో దేశాల్లో పిల్లల రక్తం పరీక్ష చేసి 2002లో చెప్పారు. బూజు పట్టిన గింజల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ విషం ఒంట్లో ఎక్కువగా ఉన్న పిల్లలు ఎత్తులోనూ బరువులోనూ వెనకబడి ఉన్నారు. మనం మంచి గింజలు విత్తనానికీ అమ్మకానికీ పోసి, ముడుచుకున్నవీ రంగు మారినవీ ఇంట్లోకి ఉంచుకుంటాం. బిడ్డ వంతుకు అవి వద్దు. చేటలో పోసి, వెలుతురులో కూర్చుని, నల్లబడ్డవి, పచ్చటి బూజున్నవి, నలిగిపోయి చేదుగా ఉన్నవి ఏరి పారేయండి. వేయించినంత మాత్రాన ఆ విషం పోదు. కోళ్ళకు, ఆవులకు కూడా వేయకండి.

కోళ్ళంటే గుర్తొచ్చింది. జింబాబ్వే పల్లెల్లో పసిపిల్లల పక్కన గంటల కొద్దీ కూర్చుని, ఏం నోట్లో పెట్టుకుంటున్నారో చూసి రాశారు. మట్టి, కోడిరెట్ట కూడా నోట్లోకి పోతున్నాయి. తర్వాత అక్కడే రెండు జిల్లాల్లో మరుగుదొడ్లు, చేతులు కడిగే ఏర్పాట్లు, పిల్లలు ఆడుకునే చాపలు ఇచ్చారు. కొన్ని ఇళ్ళకు రోజూ 20 గ్రాముల పోషక ముద్ద ఇచ్చి, తిండి పెట్టే పద్ధతి నేర్పించారు. 2019లో ఫలితం వచ్చింది. తిండి అందిన పిల్లల్లో గిడసబారినవాళ్ళు 35 శాతం నుంచి 27 శాతానికి తగ్గారు. శుభ్రత ఏర్పాట్లు ఒక్కటే అందిన ఇళ్ళలో ఎత్తులో తేడా రాలేదు. ఇది విని చేతులు కడగడం మానేయమని కాదు. సబ్బు పెట్టాం కదా అని తిండి సంగతి వదిలేయకూడదు. కొద్దిపాటి శుభ్రతకు ఆ క్రిములు లొంగవు కూడా. నేను చెప్పేది ఒక్కటే, పాకే బిడ్డ ఉన్న ఇంట్లో కోళ్ళను గంప కింద గానీ వెనక పెరట్లో గానీ ఉంచండి, బిడ్డ పాకే వాకిలిలోకి వదలకండి.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బిడ్డనైతే ఇంకా కనిపెట్టుకుని ఉండాలి. కెన్యాలో ఆసుపత్రిలో కోలుకున్న 1,778 మంది చిక్కిపోయిన పిల్లల్లో సగం మందికి ఆరు నెలలు రోజూ యాంటీబయోటిక్ ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్ళలో 14 శాతం, తీసుకోనివాళ్ళలో 15 శాతం ఏడాది లోపు చనిపోయారు. డిశ్చార్జ్ కాగితం చేతికొచ్చాక కూడా ఆ పిల్లలకు అంత ప్రమాదం ఉంది. అందుకే అలాంటి బిడ్డ ఇంటికి నేను మొదటి నెలంతా వారానికోసారి పోతాను. తర్వాత చూపించుకోమన్న తేదీ ఆ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని కేలండర్‌లో ఎర్ర పెన్నుతో పెద్దగా రాసి పెడతాను. టీకాలు, తొమ్మిది నెలల నుంచి ఇచ్చే విటమిన్ ఎ, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ వేసే నులిపురుగుల మాత్ర తప్పిపోయాయేమో అప్పుడే చూసుకుంటాను.

పదిహేనో రోజున మళ్ళీ తూచండి, టేపు పెట్టండి, పాదాలు నొక్కి చూడండి. జబ్బుకు ముందున్న బరువు చార్టులో ఉంటుంది, దాన్ని అందుకుంటే అదనపు పూట మెల్లగా మామూలు చేసుకోవచ్చు. అందుకోకపోతే ఇంకో పదిహేను రోజులు పెట్టి, ఏఎన్ఎంకు చూపించండి. టేపును పప్పుల డబ్బాలో మడిచి పెట్టకండి. మడత పడ్డచోట కొలత తప్పుతుంది. కేలండర్ మేకుకే తగిలించండి.